కర్పూరం ఆర్పని మనిషి

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, కాళ్లు చాపుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. చేతిలో పని ఉంటే పని చేసుకుంటానే వినండి. చింతపండు గింజ తీసేదైనా సరే, రాగులు చెరిగేదైనా సరే. నేను చెప్పబోయేది భయం సంగతి. దయ్యాల భయం కాదు. పట్టపగలు, మంచి ఎండలో, రోజూ ముఖాలు చూసుకునే మనుషుల మధ్య నిలబడి కాళ్లు వణికిన భయం.

మాది కంబైనల్లూరికి కొంచెం ఎడంగా, గుట్ట కింద ఎనిమిది ఇండ్ల గుంపు. తరతరాలుగా రాయి కొట్టేది, బావులు తవ్వేది మా పని. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా ఇంటాయన పెండ్లికి ముందు పాలమూరు దిక్కు కాలువ పనికి పోయినాడు. అక్కడ ఒక ఆదివారం ఒక గుడిలోనించి పాట వినబడితే, ఏందో చూద్దామని లోపలికి పోయి కూర్చున్నాడంట. అది మెన్నొనైట్ అనే కిరస్తానీ సంఘం వాళ్ల గుడి. అట్ల కూర్చున్నవాడు లేవలేదు. నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు, వాళ్ల బైబిలు బడిలో చదివినాడు, ఆ మీదట మన ఊరికే తిరిగొచ్చినాడు.

జీతం లేదు, బంగళా లేదు. వారమంతా గుట్టలో రాయి కొట్టేది, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కొని మా కొట్టంలో బోధించేది. మేము పాస్టరయ్య అనేవాళ్లం. ఊర్లోవాళ్లు ‘రాయికొట్టే సామి’ అని నవ్వేవాళ్లు. ఏ. పళ్లిపట్టి దిక్కు మనవాళ్లలో ఒకరు చచ్చిపోతే గుంత తవ్వేదీ ఆయనే, ప్రార్థన చేసేదీ ఆయనే. సైకిలు మీద పార కట్టుకొని, సంచిలో వేదపుస్తకం పెట్టుకొని పోయేవాడు. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే, పొయ్యి ముందర బూడిదలో.

ప్రభువు పేరున రొట్టె విరిచి పంచుకొనే ఆదివారం వస్తాందంటే ముందుగా ఇల్లిల్లూ తిరుగుతాడు. “నీకు ఎవరి మీదైనా మనసులో ఏమన్నా ఉండాదా?” అని అడుగుతాడు. ఉండాదంటే ఆ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరి కాళ్లు ఒకరితో కడిగిస్తాడు. వాళ్ల సంఘంలో అది పద్ధతి. మా అత్త, అంటే ఆయన మేనమామ పెండ్లాం, నాతో నీళ్ల బిందె కాడ కొట్లాడి, ఆ మీద నా కాళ్లు కడగాల్సి వచ్చింది. “ఏమే, ఈ మడమ పగుళ్లల్లో రాగులు చల్లచ్చు కదే” అనింది. నేను నవ్వినాను. కొట్లాట అట్ల పోయింది.

ఇవన్నీ నాకు బాగానే ఉండేవి. రెండు సంగతులు మటుకు మింగుడు పడేవి కావు. ఒకటి, ఎవరు కొట్టినా తిరిగి చెయ్యి ఎత్తకూడదు. రెండోది, ఒట్టు పెట్టుకోకూడదు. దేవుని మీద వద్దు, తల మీద వద్దు, దేని మీదా వద్దు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతటితో సరి. మా వైపు ఒట్టు లేకుండా మేక బేరం కూడా కుదరదు. ఇట్లాంటి మనిషితో ఈ ఊర్లో కాపురం ఎట్ల రా దేవుడా అని నాకు మొదటినుంచీ లోపల ఒక దడ ఉండేది. ఆ దడే ఒకనాడు నా ఎదురుగా వచ్చి నిలబడింది.

ఎనభైల్లో కరువు వచ్చిన ఏడు. చెరువులో మట్టి పలకలు పలకలుగా లేచిపోయింది. ముగ్గురికి బాప్తిస్మం ఇయ్యాల, మునిగేంత నీళ్లు ఎక్కడా లేవు. ఊరికి పడమరగా ఒక ఆసామి తోటలో పెద్ద బావి ఉండేది. ఆయన్ని తోటాయన అంటాను, పేరెందుకు. మా ఇంటాయన పోయి అడిగితే ఆయన సరే అన్నాడు. మంచి మనిషే, కోపం జాస్తి. కానీ చెప్పిన పొద్దుకి మేమంతా పాట పాడుకుంటా పోతే ఆయన మెట్ల కాడ అడ్డంగా నిలబడినాడు. వాళ్లింట్లో ఎవరో ఏమో చెప్పినట్టున్నారు.

“మీరు మునిగితే నా బావి ఇంకిపోతాది. పోండి, పోండి.”

మా ఇంటాయన “సరే అయ్యా” అని వెనక్కి తిరిగినాడు. మామ ఉన్నాడే, ఆయన మేనమామ, మా సంఘపెద్ద, ఆయన నోరు ఊరుకోలేదు. “నీ బావి ఇంకిపోను! నీ గడ్డివామి కాలిపోను!” అని అరిచినాడు. తోట పనివాళ్లంతా విన్నారు. మా ఇంటాయన అక్కడికక్కడే మామతో తప్పు ఒప్పించినాడు. ఒప్పిస్తే ఏమి? కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము.

ఆ మరుసటి వారమే, పొద్దు గూకే యాలకి, తోటాయన వామి కాలిపోయింది.

కరువులో గడ్డివామి అంటే ఏమనుకున్నారు? ఇంట్లో మనుషులకి గంజి లేకపోయినా ఓర్చుకుంటారు, ఎద్దు మటుకు పడిపోతే మళ్లీ సేద్యం లేదు. ఊరు ఊరంతా పరిగెత్తింది. పోసేదానికి నీళ్లు లేవు. మన్ను చల్లినారు, వేపమండలతో కొట్టినారు. మా ఇంటాయన కూడా అక్కడే ఉన్నాడు, కనుబొమ్మలు కమిలిపోయి ఇంటికొచ్చినాడు. నీళ్లు తాగి కూర్చున్నాడు.

తెల్లవారేసరికి మాట పుట్టింది. రాయికొట్టే సామి ఆ దారిన లాంతరు పట్టుకొని పోయినాడు, అవతలి గుంపులో ప్రార్థనకి. వాళ్ల మామ కాలిపోనన్నాడు, కాలిపోయింది. ఇంకేమి కావాల?

మధ్యాన్నం నాట్టామ మనిషి వచ్చినాడు. నాట్టామ అంటే ఊరి పెద్ద. “శుక్రవారం కూటం. నీ మీద మాట వచ్చింది. వచ్చి కర్పూరం ఆర్పి సత్యం చెయ్యి. చేస్తే మాట పోయినట్టే” అని చెప్పి పోయినాడు. మా వైపు అది ఆచారం. అమ్మవారి ముందర కర్పూరం వెలిగించి, నేను చెయ్యలేదు అని అరచేత్తో కొట్టి ఆర్పేయాల. ఆర్పితే ఎంత పెద్ద నింద అయినా అంతటితో ఆగిపోతాది. ఆ మీద ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంతేనా అనుకున్నాను. ఆయన వాకిట్లో కూర్చొని ఉలి సాన పడతాన్నాడు. బిడ్డ నా చంకలో నిద్రపోతాంది. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను.

“నిప్పు నువ్వు పెట్టలేదు కదయ్యా?”

“పెట్టలేదు.”

“ఇంకేమి మరి. పోయి ఆర్పేసి రా. నీ దేవుడు ఈ ఒక్కసారికి ఏమీ అనుకోడు.”

ఆయన ఉలి తుడిచి పక్కన పెట్టినాడు. “ఒట్టు పెట్టుకోలేనని నీకు తెలుసు కదే. అదొక్కటే కాదు. ఆ పొద్దు గాలి జాస్తిగా ఉండాదని, వామి చాటుకు పోయి లాంతరు వెలిగించినాను.”

నేను బిడ్డని ఇంకా దగ్గరికి అదుముకున్నాను.

“పుల్ల ఆరింది. ఊదినాను, నలిపినాను, ఆరిందని చూసినాను. చూసినాననే అనుకుంటాండా. కానీ నిప్పు సంగతి నాకేమి తెలుసు?”

“ఎవరైనా చూసినారా?”

“లేదు.”

“అయితే ఎవరికి తెలుస్తాదయ్యా?”

“నాకు తెలుసు కదా.”

నేను ఏడ్చినాను, తిట్టినాను, కాళ్లు పట్టుకున్నాను. నిప్పు పెట్టలేదనే మాట నిజమే కదా, ఆ నిజం ఒక్కటి చెప్పి ఊరుకో, పుల్ల సంగతి ఎత్తద్దు అన్నాను. ఇల్లు కాల్చేస్తారయ్యా, బిడ్డతో ఎక్కడికి పోదాము అన్నాను. ఆయన మళ్లీ ఉలి తీసుకొని సాన పట్టబోయినాడు.

“నీకు భయం లేదా?” అని అడిగినాను.

“ఎందుకు లేదే. పొద్దున్నించి గంజి కూడా దిగలేదు, చూసినావు కదా.”

ఆ మాట విని నా భయం ఇంకా పెరిగింది. ఆయనకు ఏదో ధైర్యం ఉండాది, దాని వెనక నేను దాక్కోవచ్చు అనుకొని ఉన్నాను. ఆయనకూ లేదు.

శుక్రవారం దాకా నేను ఏమి వండినానో, ఎవరితో ఏమి మాట్లాడినానో అడగద్దండి. చేత్తో కొట్టే అడిపంపు కాడికి నీళ్లకి పోతే ఆడవాళ్లు బిందెలు తీసుకొని పక్కకి జరిగేవాళ్లు. అంగడాయన నూనె పోస్తా ముఖం చూసేవాడు కాదు. రాత్రి కుక్క మొరిగితే లేచి తలుపు గడియ చూసుకొనేదాన్ని.

కూటం రోజు మా ఎనిమిది ఇండ్లవాళ్లమూ పోయినాము. పనికి పోతాన్నట్టు మగవాళ్లు గడ్డపారలు భుజాన వేసుకొని వచ్చినారు. ఎందుకు అని మా ఇంటాయన అడిగితే మామ, “ఇట్లనే గుట్టకి పోవాల కదరా” అన్నాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది అది గుట్టకి పోయే ముఖం కాదని.

అమ్మవారి గుడి ముందర, నడినెత్తిన ఎండ. ఒక పక్క మేము, ఎదురుగా తోటాయన, ఆయన తమ్ముడు, వాళ్ల మనుషులు, చేతుల్లో కట్టెలు. నడుమ ఒక రాయి, రాయి మీద కర్పూరం. నాట్టామ ముసలాయన, నోట్లో ఆకువక్క. మాటలన్నీ అరవంలో జరిగినాయి, నేను మన మాటలో చెప్తాండాను.

కర్పూరం వెలిగించినారు. “రావయ్యా” అన్నాడు నాట్టామ.

మా ఇంటాయన ముందుకు పోయి, చేతులు కట్టుకొని నిలబడినాడు. “అయ్యా, నేను వామికి నిప్పు పెట్టలేదు. ఇది నా మాట. సత్యం మటుకు చెయ్యను.”

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. కర్పూరం దానంతట అదే కాలిపోతాంది.

“నిజం చెప్పేవానికి కర్పూరం అంటే ఏమి భయమప్పా?” అన్నాడు నాట్టామ.

“కర్పూరం ఆర్పితేనే నిజం అంటే, మిగతా దినాలన్నీ నేను చెప్పే మాట ఏమవుతాదయ్యా? అది అబద్ధమా? నాకు ఉండేది ఒకటే మాట.”

నాట్టామ మంచిగానే, “సరే, నీకు మా సామి వద్దు. నీ పుస్తకం మీదనే చెయ్యి పెట్టు” అన్నాడు.

“ఆ పుస్తకమే ఒట్టు వద్దంటాదయ్యా.”

కూటమంతా ఒక్కసారిగా నవ్వింది. “వీని సామికే వీని మీద నమ్మకం లేదురా!” అని ఎవరో అన్నారు. ఇంకా నవ్వినారు. నాకు ఆ నవ్వు కంటే తిట్లే నయమనిపించింది. నవ్వు అయిపోయిన తర్వాత ఏమి వస్తాదో నాకు తెలుసు.

వచ్చింది. తోటాయన తమ్ముడు కట్టె నేలకి కొట్టి, “తప్పు చేసినోడే వెనక్కి పోతాడు. వాని బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పమనండి, అప్పుడు తెలుస్తాది!” అన్నాడు.

అందరూ నా దిక్కు చూసినారు. నా చంకలో బిడ్డ. నేను కొంగు లాగి బిడ్డ తల కప్పేసినాను. అబద్ధం ఒట్టుకి బిడ్డ నిలవదు అని మా అమ్మ చెప్పేది, ఆ మాట నా నెత్తురులో ఉండాది, ఏ బాప్తిస్మమూ దాన్ని కడగలేదు. ఆయన నిప్పు పెట్టలేదు, అది నిజం. కానీ ఆ పుల్ల? ఆ పుల్లే అయ్యుంటే? ఆయన ఇప్పుడు వచ్చి బిడ్డ తల మీద చెయ్యి పెడితే ఏమైతాదో? పెట్టకపోతే ఆయన్ని చంపుతారు. ఏది కోరుకోవాలో తెలీక నిలబడినాను.

ఆయన నా వైపు చూసినాడు. తర్వాత తోటాయన వైపు తిరిగినాడు.

“అన్నా, బిడ్డని వదిలేయండి. నేనే చెప్తాను. ఆ పొద్దు నీ వామి చాటున నేను అగ్గిపుల్ల గీసినాను, లాంతరు వెలిగించేదానికి. ఆర్పి పడేసినాను. ఆరిందనే నమ్ముతాండా. దాని మీద నాకు తెలిసింది అంతే.”

ఎవ్వరూ నవ్వలేదు.

తోటాయన లేచి వచ్చినాడు. వచ్చి, చెయ్యి తిప్పి కొట్టినాడు. మా ఇంటాయన పెదవి చీలి నెత్తురు తెల్లచొక్కా మీద పడింది. చేతులు కట్టుకొన్నవి కట్టుకొన్నట్టే ఉన్నాయి. ఇంకొక దెబ్బ పడింది. అప్పుడు నా వెనకనించి మావాళ్ల గడ్డపారలు భుజాల మీదనించి దిగిన చప్పుడు వినబడింది. ఎదురుగా కట్టెలు లేచినాయి. మామ ముందుకు వచ్చేసినాడు, గడ్డపార రెండు చేతులా పట్టుకొని.

రాయి పగలగొట్టే చేతులు అవి. ఒక్క దెబ్బ పడింటే ఆ పొద్దు పీనుగులు లేచేవి. మా ఎనిమిది ఇండ్లూ ఉండేవి కావు.

“మామా, కింద పెట్టు” అన్నాడు మా ఇంటాయన, నెత్తురు మింగుతా.

“నా చెయ్యి వినడం లేదురా!”

“అయితే నాకియ్యి.”

పోయి మామ వేళ్లు ఒక్కొక్కటే విప్పి గడ్డపార తీసుకున్నాడు. ఆయన చేతులు ఎంత వణికినాయంటే, కింద పెట్టేటప్పుడు అది రాతికి తగిలి టకటకా మోగింది. మావాళ్లు ఒకరి తర్వాత ఒకరు పెట్టేసినారు.

తోటాయన అక్కడే నిలబడి చూస్తాన్నాడు. కొట్టిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకొని ఉన్నాడు.

“చూసినోడు లేడు. అడిగినోడు లేడు. ఎందుకు చెప్పినావురా?”

“వామి నీది కదన్నా. నీకు తెలియాల కదా.”

“తెలిసి నేనేమి చేసేది? నా ఎద్దులు నీ మాట తింటాయా?”

“ఎద్దుల్ని నేను మేపతాను.”

“దేంతో? గుట్టలో రాళ్లతోనా?” అని తోటాయన తమ్ముడు ఎగతాళి చేసినాడు. తోటాయన మటుకు నవ్వలేదు. నాట్టామ దిక్కు తిరిగి అందరూ వినేటట్టు చెప్పినాడు. “వాన పడేదాకా నా రెండు ఎద్దులూ వీని వాకిట్లో ఉంటాయి. ఒకటి చచ్చినా ఆ ఎనిమిది ఇండ్లూ ఖాళీ చెయ్యాల.” నాట్టామ తల ఊపినాడు.

అట్ల వచ్చినాయి మా వాకిట్లోకి ఒక ఎర్రెద్దు, ఒక తెల్లెద్దు. మా గుడిసె కంటే పెద్దగా కనబడినాయి నాకు.

తెల్లవారి లేస్తానే నేను మొదట చూసేది వాటి పొట్టలు. ఆడతాండాయా లేదా. ఎండు డొక్కలు ఎక్కుతా దిగుతా ఉంటే అప్పుడు నేను ఊపిరి తీసుకొనేదాన్ని. ఎనిమిది ఇండ్లవాళ్లమూ మేతకి తిరిగినాము. వేపమండలు, తుమ్మకాయలు, ఎండిన కర్రపెండలం ఆకు, గుట్ట మీద గడ్డి దుబ్బులు, బి. మల్లాపురం సంతలో పారేసిన చెరుకు ఆకు తలమీద మోసుకొని తెచ్చేది. రాయి పనికి పోయినవాళ్లు వచ్చేటప్పుడు ఒక్కొక్క మోపు. మాకు గంజి పలచనయింది, ఎద్దులకు మటుకు తొట్టిలో తవుడు నీళ్లు తప్పలేదు. ఆదివారం ఆయన బోధ చేస్తాంటే ఎర్రెద్దు మధ్యలో అంబా అనేది. మామ, “అది ఆమెన్ చెప్పిందిరా, నువ్వింక ఆపు” అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నవ్వతానే అందరి కళ్లూ దాని డొక్క మీదికే పోయేవి.

కొన్ని ఇండ్లవాళ్లకి ఆయన మీద కోపమూ ఉండింది. నువ్వు చెప్పిన నిజానికి మేము మోస్తాండాము అని ముఖానే అన్నవాళ్లు ఉన్నారు. ఆయన ఒప్పుకొనేవాడు. “అవును, నా వల్లనే” అని ఇంకొక మోపు తెచ్చేదానికి పోయేవాడు.

వాన జాడ లేదు. ఒక మధ్యాన్నం ఆయన పళ్లిపట్టి దిక్కు ఒక ముసలామె చావుకి పోయినాడు. మగవాళ్లు గుట్టలో ఉన్నారు. నేను బిడ్డకి సంగటి తినిపిస్తాండా. ధబ్బుమని చప్పుడు వినబడింది.

ఎర్రెద్దు పక్కకి పడిపోయింది. కాళ్లు కొట్టుకుంటాంది, నోట్లో నురుగు. నేను అరిచిన అరుపుకి అత్త పరిగెత్తుకొని వచ్చింది. వచ్చి, కింద మిగిలిన మేత కలబెట్టి, ఒక కొమ్మ పట్టుకొని అట్లనే కూలబడింది. కర్రపెండలం లేతాకు. ఎండినదైతే పశువుకి ఏమీ కాదు, పచ్చి లేతాకు తింటే విషం. మా వైపు చిన్నబిడ్డకైనా తెలుసు ఆ సంగతి. అత్త పొద్దున తెచ్చిన మోపులో అడుగున పచ్చివి కలిసిపోయినాయి.

“పాము కరిచిందని చెప్దామే” అనింది అత్త, నా చెయ్యి గట్టిగా పట్టుకొని. “గుట్ట కింద పాములకేమి కొదవ. ఎవరూ మనల్ని అనలేరు. ఎనిమిది ఇండ్లే, అమ్మీ, ఎనిమిది ఇండ్లు.”

నిజం చెప్తాండా, ఆ మాట నాకు తేనె మాదిరిగా ఉండింది. కానీ పాము అని చెప్తే పాము మందు పోస్తారు. ఆకు అని చెప్తే ఆకు మందు పోస్తారు. ఎద్దు ఇంకా చావలేదు. బిడ్డని అత్త ఒళ్లో వేసి నేను పరిగెత్తినాను.

తోట దాకా ఆ దారి అంత పొడుగని నాకు తెలీదు. చెప్పుల్లేవు, కాళ్లు కాలినది కూడా తెలీలేదు. తోటాయన కొట్టిన చెయ్యి, ఆయన తమ్ముని కట్టె, అవే కళ్లముందర. పోయి ఆయన ముందర నిలబడినాను. ఒకే ఊపిరిలో చెప్పేసినాను.

“అన్నా, ఎర్రెద్దు పడిపోయింది. కర్రపెండలం లేతాకు తినింది. మా మోపులోనే ఉండింది.”

ఆయన ఇంట్లోకి పోయి వెదురుగొట్టం, బెల్లం తీసుకొని నాకంటే ముందే పరిగెత్తినాడు. మా వాకిట్లో కూర్చొని, ఎద్దు తల తొడ మీద పెట్టుకొని, ఏమేమో పిసికి గొట్టంతో పోసినాడు. బెల్లం మటుకు నా కళ్లతో చూసినాను, మిగతాది నాకు తెలీదు. నేను దవడ పట్టుకున్నాను. అత్త పక్కన మోకాళ్ల మీద కూర్చొని గట్టిగా ప్రార్థన చేస్తాంది. “ప్రభువా, దీన్ని లేపు. రేపటినుంచి నేను ఎవరినీ తిట్టను. మా ఆయన్ని తప్ప ఎవరినీ తిట్టను.”

ఎంతసేపు అట్ల కూర్చున్నామో. నురుగు తగ్గింది. చెవి ఆడింది. కొంచెం పొద్దు వాలినాక ఎర్రెద్దు ముందరి కాళ్లు మడిచి, ఒకసారి జారి, మళ్లీ ఊపు తీసుకొని లేచి నిలబడింది.

తోటాయన ముఖం తుడుచుకొని అడిగినాడు. “ఆకు ఎవరు తెచ్చినారు?”

అత్తే ముందుకొచ్చి, “నేను సామీ” అనింది.

“ఈ ఇండ్లల్లో ఒక్కరికి కూడా అబద్ధం చెప్పేది చేతకాదా?”

“చేతకాకేమి సామీ, బాగా చేతనవుతాది. పాము అని చెప్దామన్నాను. ఈ పిల్ల వినలేదు.”

ఆయన మూతి కొంచెం వంకరయింది. నవ్వో ఏమో, అక్కడికే ఆగిపోయింది.

ఆ యాలకే మా ఇంటాయన సైకిలు దిగినాడు. పార ఇంకా కట్టినట్టే ఉంది. వాకిట్లో తోటాయన, కింద నురుగు, నా ముఖం, అన్నీ చూసినాడు. ఎద్దు దిక్కు మటుకు సరిగ్గా చూసినట్టు లేదు.

“ఖాళీ చెయ్యాల్నా అన్నా?” అన్నాడు.

“చస్తే అన్నాను. చచ్చిందా? లేచి నిలబడింది కదా, కండ్లు కనబడలేదా?” తోటాయన గొట్టం కడుక్కుంటా చెప్పినాడు. “ఆ పొద్దు నేను కూడా కర్పూరం ఆర్పి చెప్పలేదు, ఊరికే చెప్పినాను. ఊరికే చెప్పిన మాట మీద నిలబడేది మీకొక్కరికే వస్తాదనుకున్నావా?”

అని లేచి, తెల్లెద్దు మెడ నిమిరి, పలుపు ఒకసారి బిగించి చూసి, రెండు ఎద్దుల్నీ మా వాకిట్లోనే వదిలి పోయినాడు.

వాన పడేదాకా అవి మా కాడనే ఉన్నాయి. ఆ పుల్ల ఆరిందో లేదో ఈ పొద్దుటికీ ఎవరికీ తెలీదు. నా భయం పోయిందా అని అడిగితే, పోలేదు. అవి ఉన్నన్నాళ్లూ తెల్లవారి ఎద్దుల డొక్కలు చూసినాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని. ఆయన ఇంకా చాలా ఏండ్లు బోధించినాడు, గుంతలు తవ్వినాడు, కాళ్లు కడిగించినాడు. ఎండలో ఆయన చేతులు వణికింది చూసినదాన్ని కాబట్టి, ఆయన ధైర్యవంతుడని ఎవరన్నా అంటే, ఆయనకూ భయమే, భయంతోనే నిలబడినాడు అనేదాన్ని.

ఇంక లేవండి, పొద్దు పోయింది. మీ ఇంట పొయ్యిలో తప్ప ఎక్కడా నిప్పు రాజుకోకుండా ఉండాల. మీ పశువు తెల్లవారి లేచి నిలబడాల, మీ బిడ్డల తలల మీద దీవెన చెయ్యి తప్ప వేరే చెయ్యి పడకుండా ఉండాల. మీ గడపలో పలికిన మాటని ఎవరూ రెండోసారి అడగకుండా నమ్మాల. పోయి రండి, చల్లగా ఉండండి.